గద్ద నోటికాడి కూడు

"గద్ద తన్నుకుపోయింది" అంటుంటాం. డబ్బాలో చేగోడీలు మాయమైనా, దండెం మీద జేబురుమాలు కనపడకపోయినా అదే మాట. అనడమే గానీ గద్ద నిజంగా తన్నుకుపోతుండగా మనలో ఎంతమందిమి చూసి ఉంటాం చెప్పండి? పైన ఎక్కడో చుక్కలా తిరుగుతున్నది కిందికి ఎప్పుడు దిగిందో, కాళ్ళతో ఏం పట్టుకుందో, ఎటు పోయిందో మనకు తెలియదు. తల్లికోడి గోలపెట్టాక తలెత్తి చూస్తాం. అప్పటికి ఆకాశం ఖాళీ. ఆ రెప్పపాటుని ఫొటోలో పట్టుకోవాలన్నది నాలుగేళ్ళుగా నాకు పట్టిన పిచ్చి.

"అదేం సరదా తల్లీ! పూలు లేవా, నెమళ్ళు లేవా, నోట్లో ఎలకతో ఉన్న గద్దే దొరికిందా నీకు?" అని మా ఆడబడుచు అడుగుతుంది. నేను అడపాదడపా కథలు రాసేదాన్ని. ఒక మనిషి కథ చెప్పాలంటే ఆ మనిషి ఏం తిని బతుకుతాడో, అది ఎట్లా సంపాదిస్తాడో, తెచ్చింది ఎవరికి పెడతాడో చెప్పాలి కదా! పక్షి సంగతీ అంతే. కొమ్మ మీద ఊరికే కూర్చున్న డేగ ఫొటో పాస్‌పోర్టు ఫొటోలాంటిది. కాలి కింద తొండ ఉందనుకోండి, అప్పుడది డేగ సంసారం.

మా కర్నూల్లో మేడ మీద నుంచే ఒకసారి గద్ద కోడిపిల్లని ఎత్తుకుపోవడం తీశాను. వెనక వీధి పెద్దమ్మ కింది నుంచి చూసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమ్మా, నా కోడిపిల్లను అది ఎత్తకపోతాంటే అదిలించేది పోయి పొటో తీస్తాన్నావా?" అంది. ఏం చెప్పను? మెట్లు దిగి వచ్చి అదిలించేసరికి అది తుంగభద్ర దాటి ఉంటుంది. అయినా ఆవిడ అడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదు. ఒకరి నష్టం ఇంకొకరి కూడు. మధ్యలో కెమెరా పట్టుకున్న మనం ఎవరివైపు? ఈ పనిలో దిగిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సిందే. నా జవాబు వేరే రకంగా దొరికింది. అది తర్వాత చెబుతాను.

ఇంటిపనితో కుదురుతుందా?

కుదురుతుంది. ఎందుకంటే వేటాడే పక్షులకూ మనకూ వేళలు కలుస్తాయి. పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఒక గంటన్నర, సాయంత్రం నీడలు సాగే వేళ ఒక గంట వెలుతురు బాగుంటుంది. తొమ్మిది దాటితే ఫొటో పనికిరాదు. నేల వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంది, దూరపు బొమ్మంతా నీళ్ళలో కదిలినట్టు వస్తుంది. ఆ వేడిగాలి మీదే పెద్ద గద్దలు రెక్క ఆడించకుండా పైపైకి వెళ్ళిపోతాయి. అప్పుడు మనం ఇంటికొచ్చి కుక్కరు పెట్టుకోవచ్చు. ఆదివారాలైతే మావారు స్కూటర్ మీద శనగచేల దాకా దింపుతారు. దినపత్రిక తెచ్చుకుని చెట్టుకింద కూర్చుంటారు. ఊరి బయట ఆడమనిషి ఒక్కతే కెమెరా పట్టుకుని నిలబడితే వంద ప్రశ్నలు వస్తాయి. చెట్టుకింద పేపరు చదివే మగమనిషి కనపడితే ఒక్కటీ రాదు. నవ్వొస్తుంది గానీ ఏం చేస్తాం!

నా కెమెరా పాతది, ఒకరు వాడి అమ్మితే కొన్నాం. లెన్సు 300 మిల్లీమీటర్లది. పెద్దపెద్ద వాళ్ళు 500, 600 వాడతారు. వాటి ధర అడిగితే మా ఆయన పేపరు మడిచేస్తారు. ఎగిరే పక్షిని తీయాలంటే షట్టరు వేగం సెకనులో 2000వ వంతు దాకా ఉండాలి, లేకపోతే రెక్కల చివర్లు పొగలాగా వస్తాయి. కూర్చుని తింటున్నదానికి 1000వ వంతు చాలు. కదులుతున్నదాని వెంట ఫోకస్ కూడా కదిలే అమరిక ఈనాటి కెమెరాలన్నిట్లోనూ ఉంది, అది పెట్టుకోవాలి. తెల్లని ఆకాశం ముందు గద్దని తీస్తే కెమెరా ఆకాశాన్ని చూసి మోసపోయి పక్షిని నల్లమసిలా చేస్తుంది. కాబట్టి వెలుతురు ఒక మెట్టు పెంచాలి. తెల్లతల ఉన్న గరుడపక్షికి మాత్రం దీనికి తలకిందులు. కాస్త తగ్గించకపోతే తల సున్నం కొట్టినట్టు వస్తుంది.

ఇవన్నీ రెండు వారాల్లో వచ్చేస్తాయి. రానిది ఓపిక. ఇంకోటి, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోవడం. గద్దజాతి పక్షులు గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఎగురుతాయి, వాలేటప్పుడూ అంతే. అందుకని ఎండా గాలీ రెండూ మన వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడితే పక్షి మనకేసి ముఖం పెట్టి వాలుతుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక నా ఫొటోల్లో తోకలు తగ్గి ముఖాలు కనపడడం మొదలైంది. ఎగరబోయే ముందు చాలా పక్షులు రెట్ట వేస్తాయి. అసహ్యించుకోకండి! అది మనకు గంట కొట్టడమే. వెంటనే వేలు మీట మీద పెట్టాలి.

ఎవరి కూడు ఎట్లా ఉంటుంది

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అడవి రామదాసు. ఎంత చక్కని పేరో చూడండి! పావురమంత ఉంటుంది. బూడిదరంగు ఒళ్ళు, భుజాల మీద నల్లపట్టీ, ఎర్రటి కళ్ళు. పొలాల పక్కన కరెంటు తీగల మీద తోక కిందికీ పైకీ ఆడిస్తూ కూర్చుంటుంది. దీనికి ఎలుకలు కావాలి. చేను మీదికి వెళ్ళి గాలిలో ఒకేచోట రెక్కలు కొడుతూ నిలబడిపోతుంది. కింద కదలిక కనపడితే రెక్కలు రెండూ పైకెత్తి మెట్లు దిగినట్టు కొంచెం కొంచెంగా దిగి, చివర్న దబ్బున పడుతుంది. చాలాసార్లు ఉత్త కాళ్ళతో లేస్తుంది. దొరికిన రోజున మాత్రం చూడాలి, కాళ్ళలో ఎలుక, దాని తోక గాలికి ఊగుతూ ఉంటుంది!

ఆ ఎలుకని వెంటనే తినేస్తుందనుకున్నారా? గుడ్లో పిల్లలో ఉన్న రోజుల్లో మగపక్షి దాన్ని తుమ్మచెట్టు దగ్గరికి తీసుకుపోతుంది. ఆడది గూటి నుంచి లేచి వచ్చి అందుకుంటుంది. ఒక్కోసారి గాలిలోనే చేతులు మారుతుంది, కాళ్ళు మారుతుంది అనాలేమో. వేటపక్షుల్లో చాలావాటికి ఆడదే మగదానికంటే పెద్దది, బలమైనది. అయినా గూట్లో పిల్లలు చిన్నవిగా ఉన్నంతకాలం అది గూడు వదలదు. తెచ్చి ఇవ్వడం మగదాని పని. తెచ్చినదాన్ని గోటితో అదిమిపట్టి, ముక్కుతో చిన్నచిన్న పీలికలు చేసి పిల్లల నోట్లో పెట్టడం తల్లి పని. పిల్లలు కాస్త ఎదిగి ఆకలి పెరిగాక తల్లి కూడా వేటకి బయల్దేరుతుంది. "పిల్లలు స్కూలుకెళ్ళాక ఉద్యోగంలో చేరినట్టు" అంది మా అమ్మాయి.

జాలెడేగకి పొలం అక్కర్లేదు, మన పెరటి వేపచెట్టు చాలు. షిక్రా అని పుస్తకాల్లో ఉంటుంది. తొండలు, ఉడతలు, చిన్నపిట్టలు దాని ఆహారం. ఎదురుగా రాదు, ఆకుల చాటున కూర్చుని ఒక్క ఉదుటున వస్తుంది. పట్టినదాన్ని తనకు అలవాటైన కొమ్మకి తీసుకుపోయి, పిట్టయితే ఈకలు పీకేస్తుంది. ఆ చెట్టు కింద రాలిన ఈకలు చూసి నేను కొమ్మని గుర్తుపట్టాను. తినేటప్పుడు రెక్కలు రెండూ విప్పి దాని మీద గొడుగులాగా కప్పేస్తుంది, కాకులు చూడకుండా. బడిలో పిల్లలు టిఫిన్ డబ్బాకి చెయ్యి అడ్డం పెట్టుకుంటారే, అచ్చం అట్లాగే.

చేపలు పట్టే కొరమీను గద్దని చలికాలంలో సుంకేసుల బ్యారేజీ నీళ్ళ మీద చూశాను. ఉత్తరాది చలిని తప్పించుకుని వచ్చే వలసపక్షి అది. కాళ్ళు ముందుకు చాపి నీళ్ళలోకి దూకుతుంది. పాదాల అడుగున గరుకు ముళ్ళుంటాయి. పక్కవేలు వెనక్కి కూడా తిరుగుతుంది కాబట్టి ముందు రెండు, వెనక రెండు వేళ్ళతో జారే చేపని బిగించి పడుతుంది. పైకి లేచాక ఒళ్ళు విదిలించి, చేప తల ముందుకి వచ్చేలా సర్దుకుంటుంది. చేప అడ్డంగా ఉంటే గాలి ఆపుతుంది మరి. నా ఫొటోలో చేప తాను కూడా ప్రయాణం చేస్తున్నట్టు ముందుకి చూస్తూ ఉంది. మంచి ఫొటో ఏమీ కాదు, దూరం ఎక్కువై గింజలు గింజలుగా ఉంది. అయినా చెరపబుద్ధి కాలేదు.

పాముల గద్ద తరహా వేరు. అది పాముని తల వైపు నుంచి మింగేసి, తోక నోటి బయట వేలాడుతుండగానే గూటికి బయల్దేరుతుంది. అక్కడ ఆ తోక పట్టి లాగి బయటికి తీస్తే పిల్లకి అన్నం. చూసేవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ ఫొటో కోసం గూడు దగ్గరికి వెళ్ళాలి కాబట్టి నేను తీయలేదు, తీయను కూడా.

రోళ్ళపాడు సంగతి చెప్పకపోతే మా జిల్లాలవాళ్ళు ఊరుకోరు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డినేల అది. చలికాలంలో మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి పిల్లిగద్దలు అక్కడికి వస్తాయి. సాయంత్రం పొద్దుగుంకే వేళకి ఒక్కొక్కటిగా వచ్చి గడ్డిలోనే, నేలమీదే పడుకుంటాయి. వందల్లో చేరిన రోజులు నమోదై ఉన్నాయి. అంత దూరం ఎగిరొచ్చి ఇక్కడ ఇవి తినేవాటిల్లో ముఖ్యమైనవి మిడతలు! పడుకున్న చోట అవి కక్కిన ఉండల్ని విప్పి చూసి పరిశోధకులు ఆ సంగతి తేల్చారు. అంటే మన రైతుకి కూలి అడగని మనుషులన్నమాట. మిడత కాలిలో ఉన్న పిల్లిగద్దని తీయాలని రెండు చలికాలాలు వెళ్ళాను. అంత చిన్నది ఫొటోలో ఏం కనపడుతుంది? కనపడలేదు. అభయారణ్యంలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి కావాలి, వెళ్ళేముందు కనుక్కోండి.

తెల్లెలుక

కిందటి డిసెంబరులో ఒక ఆదివారం. తుమ్మచెట్టు మీద అడవి రామదాసు జంట గూడు పెట్టింది. నేను చాలా దూరంగా, గట్టు కింద కూర్చున్నాను. కారులో నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. పెద్దపెద్ద లెన్సులు. మర్యాదస్తులే, "నమస్తే ఆంటీ" అన్నారు. తర్వాత డిక్కీలోంచి చెప్పుల అట్టపెట్టె తీశారు. అందులో తెల్లెలుక. పెంపుడు జంతువుల కొట్టులో కొన్నారట. దాన్ని ఖాళీ దిబ్బ మీద వదిలి, వెలుతురు సరిగ్గా పడేచోట కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు.

నేను లేచి వెళ్ళాను. "ఎందుకు బాబూ ఇది?" అంటే, "ఎట్లాగూ అది ఎలకల్ని తినేదే కదాంటీ, మేం పెడితే తప్పేంటి? దానికీ శ్రమ తప్పుతుంది" అన్నాడొకబ్బాయి. వినడానికి బాగానే ఉంది. కానీ పుట్టినప్పటి నుంచి పంజరంలో పెరిగిన ఆ ఎలుకకి పరిగెత్తడం తెలియదు, కలుగు తెలియదు. దిబ్బ మధ్యలో వణుకుతూ కూర్చుంది. అది వేట కాదు. దానికి ఏ జబ్బుందో ఎవరికి తెలుసు? అది గద్ద ద్వారా గూట్లో పిల్లలకి పోతుంది. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని నేర్చుకున్న పక్షి రేపు రోడ్డు పక్కకి వస్తుంది, మనిషంటే భయం పోగొట్టుకుంటుంది. అందరూ ఫొటోలే తీయరు కదా.

జరిగింది ఏమిటంటే, కారు సరిగ్గా తీగలకీ చెట్టుకీ మధ్య ఆగి ఉండడంతో మగపక్షి గూటికే రాలేదు. దూరంగా స్తంభం మీద కూర్చుంది. గోళ్ళ కింద ఏదో ఉంది, బహుశా అప్పుడే పట్టిన చుండెలుక. గూట్లోంచి ఆడది పిలుస్తూనే ఉంది. అరగంట, ముప్పావుగంట. స్తంభం మీద ఉన్నది చాలా బాగా కనపడుతోంది, ఎండ దాని మీదే. నా లెన్సుకి కూడా అందే దూరం. నేను తీయలేదు. కుర్రాళ్ళతో, "ఆ గూట్లో వాళ్ళకి పొద్దుటి తిండి స్తంభం మీద ఉంది, మీ కారు వెనక్కి తీస్తే చేరుతుంది" అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకబ్బాయి వెళ్ళి తెల్లెలుకని మళ్ళీ పెట్టెలో వేశాడు. కారు రెండు ఫర్లాంగులు వెనక్కి వెళ్ళింది. మగపక్షి వచ్చి ఇచ్చి వెళ్ళడం నేను చూశాను. ఎండ ఎక్కువైపోయింది, ఫొటో రాలేదు.

నోటికాడి కూడు తీయడం అంటారే, అది. పెద్దమ్మ అడిగిన ప్రశ్నకి నా జవాబు అక్కడ దొరికింది. ఎవరు ఎవరి కూడు తిన్నా అది వాళ్ళ బతుకు. నా వల్ల మాత్రం ఎవరి కూడూ చెడకూడదు. బెదిరిన పక్షి పట్టినదాన్ని వదిలేసి పోతుంది. మళ్ళీ పట్టాలంటే ఎన్నిసార్లు దూకాలో! గూటి మీద నుంచి తల్లిని లేపితే మన రాయలసీమ ఎండలో గుడ్లు ఎంతసేపు ఆగుతాయి? పక్కనే కాకులు కాచుకుని ఉంటాయి. అందుకే నేను గూడు కనపడిన చెట్టుని ఎవరికీ చెప్పను. ఎక్కడ తీశావని అడిగితే "పొలాల్లో" అంటాను.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. బతికున్న జీవిని ఎరగా పెట్టి తీసిన ఫొటోల్ని అమెరికా ఫొటోగ్రాఫిక్ సొసైటీ తన ప్రకృతి విభాగం పోటీల్లో ఒప్పుకోదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా నిర్వహించే వన్యప్రాణి ఫొటోల పోటీ కూడా బతికున్న ఎరని ఒప్పుకోదు. ఎర ఫొటోని మనమూ గుర్తుపట్టవచ్చు. అడవిలో, చేలో తిరిగే ఎలుక మల్లెపువ్వులా తెల్లగా ఎందుకుంటుంది?

ఒక కన్ను

బ్రిటన్‌లో ఎరిక్ హోస్కింగ్ అని పక్షుల ఫొటోలకు పేరుపడ్డ ఆయన ఉండేవారు. 1937లో గూటి దగ్గర గుడ్లగూబ ఫొటోల కోసం రాత్రిపూట వెళితే అది వచ్చి ముఖం మీద కొట్టింది. ఎడమకన్ను పోయింది. ఇంకొకరైతే కెమెరా అటకమీద పెట్టేసేవారు. ఆయన మానలేదు. 1948లో ఆయన తీసిన ఫొటో ఒకటుంది. రెక్కలు రెండూ పైకెత్తి, ముక్కున వేటతో రాజముద్ర మీది బొమ్మలా నిలిచిన చావుపిట్ట. ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ కొత్తగా వస్తున్న రోజుల్లో తీశారు. తన ఆత్మకథకి పేరు కూడా పక్షి కోసం ఒక కన్ను అన్న అర్థం వచ్చేలా పెట్టుకున్నారు. నాకు ఆయన ధైర్యం నచ్చింది. గుడ్లగూబ వైపు నుంచి చూస్తే దానిదీ తప్పు లేదనిపిస్తుంది, పిల్లలున్నాయి మరి.

మన దేశంలో ఆడవాళ్ళు ఈ రంగంలో లేరా అంటే ఉన్నారు. తమిళనాడుకి చెందిన రతికా రామసామి ఇంజనీరింగ్ చదివి, వన్యప్రాణుల ఫొటోల్నే వృత్తిగా చేసుకున్నారు. ఆమెకి ముఖ్యంగా పక్షుల మీద మనసు. ఆమె ఫొటోలు చూసే నేను 300 లెన్సుతోనైనా మొదలుపెడదామనుకున్నాను.

ఇంతా చేసి ఈ ఫొటోలు దేనికి అంటారా? ఆల్బంలో పెట్టుకోవడానికే కాదు. ఆఫ్రికాలో మార్షియల్ ఈగిల్ అనే పెద్ద గద్ద సంఖ్య తగ్గిపోతోంది. అది ఏం తింటుందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు మామూలు జనం తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోల్ని వెతికి పట్టుకున్నారు. దాని కాళ్ళ కింద ఉన్నదేమిటో ఒక్కో ఫొటోలో చూసి లెక్క కట్టి, 2019లో పరిశోధనగా ప్రచురించారు. అంటే మసకగా వచ్చిన ఫొటో అయినా సరే, తేదీ, ఊరు, కాలి కింద ఉన్నదాని గుర్తు ఉంటే దానికి విలువుంది. గూడు ఉన్న చోటు మాత్రం రాయకూడదు.

ఇక్కడ మా శనగచేను రైతుకి నేను అడవి రామదాసు ఫొటో చూపించాను. కాళ్ళలో చుండెలుక స్పష్టంగా ఉంది. "ఇదా! ఇది పిట్టల్ని తినేదనుకున్నా" అన్నాడు. తర్వాతి వారం వెళితే చేలో నాలుగు చోట్ల ఎత్తుగా కర్రలు పాతి, పైన అడ్డపుల్ల కట్టి ఉంది, పక్షులు కూర్చోవడానికి. అట్లా పక్షిస్థావరాలు పెట్టమని వ్యవసాయశాఖ వాళ్ళు చెబుతూనే ఉంటారు, పురుగుల్ని ఏరుకు తినే పిట్టల కోసం. ఎలుకలమందు కూడా తగ్గించమన్నాను. మందు తిని తూలుతున్న ఎలుకని పట్టిన గద్దకీ అదే గతి పట్టవచ్చు కదా. "చూద్దాం లేమ్మా" అన్నాడు.

మీకూ మొదలుపెట్టాలని ఉంటే ఏ అడవికీ పోనక్కర్లేదు, కెమెరా కూడా మొదట అక్కర్లేదు. నెల రోజులు మేడ మీద నుంచి ఊరికే చూడండి. గద్ద వచ్చిందని మనకంటే ముందు ఉడతలకి తెలుస్తుంది, ఒకటే పనిగా చిక్ చిక్ మంటూ కొమ్మకి అంటుకుపోతాయి. గువ్వలు, మైనాలు ఒక్కసారిగా గప్‌చుప్ అవుతాయి. కాకులూ ఏట్రింతలూ గుంపుకట్టి ఒక్క కొమ్మ వైపే తరుముతుంటే జాలెడేగ అక్కడే ఉందన్నమాట. దాని కాళ్ళ కింద ఏముందో చూడాలి. ఉడతలు అట్లా గోలపెట్టడం వినపడితే, పొయ్యి మీద పోపు ఉంటే మాత్రం ముందు మంట ఆర్పి వెళ్ళండి.